కంచుకోట వెన్ను మీద రాయని పేరు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో పాత చందమామ గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1947 జులైలో నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు కలిసి పత్రిక మొదలుపెట్టడం, కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని నడిపిన తీరు, వడ్డాది పాపయ్య గారి అట్టబొమ్మలు, బేతాళ కథలకు శంకర్ గారి గీత, అన్నీ ఉన్నాయి. సంతోషం. సీరియళ్ల దగ్గరికి వచ్చేసరికి తోకచుక్క, రాకాసిలోయ, శిథిలాలయం అని పేర్లు వరసగా ఇచ్చి, వాటికి బొమ్మలు వేసింది చిత్రా అని చెప్పి పేరా ముగించారు. వాటిని రాసిందెవరో లేదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ ఒక్క పేరు కోసం.

ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం.

నేను తెనాలి గంగానమ్మపేటలో పుస్తకాల బైండరుని. మా నాన్న దగ్గర పని నేర్చుకున్నాను. 1966లో, నాకు పద్నాలుగేళ్లప్పుడు, బడి మానేసి కొట్లో కూర్చున్నాను. అప్పట్లో తెనాలిలో ప్రెస్సులకు కొదవ లేదు. లెడ్జర్లు, రశీదు పుస్తకాలు, గ్రంథాలయాల నుంచి వచ్చే చినిగిన నవలలు, ఇవీ మా రోజువారీ పని. వేసవి సెలవుల్లో మాత్రం ఇంకో రకం బేరం వచ్చేది. అమ్మలు, అన్నయ్యలు, అప్పుడప్పుడూ తాతలు, పాత చీరముక్కలో మూటకట్టుకుని చందమామ కాగితాలు తెచ్చేవాళ్లు. నెల నెలా పత్రికలోంచి సీరియల్ ఉన్న పేజీలు పిన్నులు ఊడదీసి జాగ్రత్తగా వేరు చేసి, దాచి, సీరియల్ అయిపోయాక పుస్తకంగా కుట్టించుకోవడానికి.

ఈ పని అనుకున్నంత తేలిక కాదు. సీరియల్ చివరి పేజీకి వెనకవైపు ఇంకో కథ మొదలై ఉంటుంది. సీరియల్ తీస్తే ఆ కథకి తల పోతుంది. దానికోసం ఇళ్లల్లో పెద్ద తగువులు. ఒక చెల్లెలు ఏడుస్తూ మా కొట్టు మెట్ల మీద కూర్చోవడం నాకు గుర్తుంది, అన్నయ్య చింపిన కాగితంతో పాటు తన కథ మొదలు పోయిందని. నాన్న ఆ పేజీని నోటుపుస్తకంలో ఎత్తి రాసుకోమని ఆ పిల్లకి పెన్సిల్ ఇచ్చి, అది రాయడం అయ్యేదాకా కుట్టు మొదలుపెట్టలేదు.

కొందరికి మధ్యలో ఒక నెల పత్రిక దొరికేది కాదు. అప్పుడు చిత్తుకాగితాల కొట్లు గాలించడమే. అక్కడా దొరక్కపోతే ఎవరింట్లోనో ఉన్న సంచిక అడిగి తెచ్చుకుని, రూళ్ల కాగితాల మీద చేత్తో రాసుకొచ్చేవాళ్లు. అలా అచ్చు పేజీల మధ్య చేతిరాత పేజీలు పెట్టి నేను కుట్టిన పుస్తకాలు పదికి తక్కువ ఉండవు. ఒకదాంట్లో బొమ్మ కూడా కార్బన్ కాగితం పెట్టి దింపాడు ఒక కుర్రాడు. చిత్రా గారి బొమ్మ మూల ఉండే సంతకాన్ని కూడా వదలకుండా దింపాడు.

ఆ సంతకం నా మనసులో అప్పుడే పడింది. బొమ్మ వేసినాయన పేరు పిల్లవాడికి కూడా తెలుసు. కథ రాసినాయన పేరు పత్రికలో ఎక్కడా లేదు. పైన సీరియల్ పేరు, దాని కింద బ్రాకెట్లలో జరిగిన కథ నాలుగైదు వాక్యాలు, చివర "ఇంకా ఉంది". అంతే.

మా వృత్తిలో ఆఖరి పని వెన్ను మీద పేరు రాయడం. మైదా జిగురులో ఇంత మైలుతుత్తం కలిపి (లేకపోతే పురుగు పడుతుంది) అట్ట అతికించి, రాత్రంతా బరువు కింద పెట్టి, తెల్లారి కాలికో గుడ్డ ఆరాక సన్నని కుంచెతో పసుపు రంగు పెయింటుతో రాసేవాళ్లం. పైన పుస్తకం పేరు, కింద రచయిత పేరు. నాన్న చేతిరాత ముత్యాల్లా ఉండేది. చందమామ సీరియల్ వస్తే మాత్రం ఆయన కుంచె కింది వరస దగ్గర ఆగేది. కొందరు "చందమామ" అని వేయమనేవాళ్లు. కొందరు తమ పిల్లల పేరు వేయించుకునేవాళ్లు. ఎక్కువమంది ఏమీ వద్దనేవాళ్లు.

ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. చందమామలో వచ్చిన కంచుకోట సీరియల్ కుట్టించడానికి తెచ్చారు. నాన్న అడగ్గానే, "కింద జాగా వదిలెయ్. ఎవరో ఒకరు రాసే ఉంటారుగా. తెలిసినప్పుడు రాయిద్దాం" అన్నారు. నాన్న రెండంగుళాల జాగా వదిలాడు. ఆ తర్వాత మా కొట్లో అదే పద్ధతి అయిపోయింది. చందమామ సీరియల్ అంటే కింద రెండంగుళాలు ఖాళీ. నాన్న పోయాక నేనూ అలాగే వదిలాను.

పేరు తెలియడానికి నాకు నలభై నాలుగేళ్లు పట్టింది. 2010 జనవరిలో ఒక పొద్దున పేపర్లో చూశాను. చందమామ సీరియళ్ల రచయిత దాసరి సుబ్రహ్మణ్యం విజయవాడలో కన్నుమూశారు అని. 1932లో పుట్టారు, గుంటూరు జిల్లా పెదగాదెలవర్రు. ఆ ఊరు పేరు చదివి నేను చాలాసేపు పేపరు మడవలేకపోయాను. పెదగాదెలవర్రు మాకు పక్క ఊళ్ల కింద లెక్క. ఆ వైపు నుంచి వచ్చే రైతులకు నేను ఎన్నోసార్లు ఖాతా పుస్తకాలు కుట్టిచ్చాను. వాళ్లల్లో ఎవర్నడిగినా చెప్పేవారేమో. నేనడగలేదు. అడగాలని తోచలేదు.

ఆ తర్వాత తెలిసినవాళ్లను అడిగి, దొరికినవన్నీ చదివి కొంత తెలుసుకున్నాను. నేను పుట్టిన 1952లోనే ఆయన మద్రాసు వెళ్లి చందమామలో చేరారు. కుటుంబరావు గారు చందమామకు వచ్చిందీ ఆ ఏడే. సుబ్రహ్మణ్యం గారు ఆ పత్రికలో యాభై ఏళ్లకు పైగా పనిచేశారు. 1954లో తోకచుక్క మొదలైంది. అక్కణ్ణుంచి 1978 దాకా పన్నెండు సీరియళ్లు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. పన్నెండూ ఒక్క చేతి రాత. ఇరవై నాలుగేళ్లలో పన్నెండంటే సగటున రెండేళ్లకొక కథ. చందమామ ఎన్ని భాషల్లో వచ్చేదో మీకు తెలుసు. తెలుగులో ఆయన రాసిందే తమిళ, కన్నడ, హిందీ పిల్లలకూ అందింది. ఆ పిల్లలెవరికీ ఆయన పేరు తెలియదు.

ఇక ఆ కథల సంగతి. నేను విమర్శకుణ్ణి కాను, కానీ వాటిని మామూలు పాఠకుడు చదవని విధంగా చదివాను. ఆయన రెండేళ్లు నెల నెలా రాసినదాన్ని, పేజీల వరస సరిచూసుకుంటూ నేను రెండు రోజుల్లో చదివేవాణ్ణి. నెలకొక ముక్క చదివినప్పుడు కనపడని అతుకులు అలా ఒక్కసారి చదివితే కనపడతాయి. నిజం చెప్పాలంటే కొన్నిచోట్ల కనపడ్డాయి కూడా. వీరులు పట్టుబడటం, తప్పించుకోవడం, మళ్లీ పట్టుబడటం ఒక్కోసారి ఎక్కువే. నెలకోసారి చదివే పిల్లవాడికి అది ఊపిరి బిగపట్టే చోటు, నాకు మాత్రం మూడోసారి అదే గుహ. కానీ కథ మాత్రం తెగదు. ముందెక్కడో వదిలేసిన మనిషి ఎన్నో భాగాల తర్వాత వచ్చి నిలబడితే, వీడు ఎక్కణ్ణుంచి వచ్చాడని వెనక్కి తిప్పి చూసుకునే పని ఉండదు. ఆ బ్రాకెట్లలోని నాలుగు వాక్యాలే మనిషిని గుర్తుపెట్టించేవి. కొందరు బేరగాళ్లు ఆ బ్రాకెట్ల భాగం కత్తిరించెయ్యమనేవాళ్లు, పుస్తకంలో ప్రతిసారీ ఎందుకని. నాన్న ఒప్పుకునేవాడు కాదు. అది కథలో భాగమే అనేవాడు. నా ఉద్దేశమూ అదే. ఏడాది కథని నాలుగు వాక్యాల్లో, కొత్తగా చేరిన పిల్లవాడికి కూడా అర్థమయ్యేలా చెప్పడం ఎంత కష్టమో నేను కూర్చుని ప్రయత్నించి చూశాను. నాకు పేజీన్నర అయింది.

ఆయన పెట్టిన పేర్లు చూడండి. సమరసేనుడు, శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు, జయశీలుడు, సిద్ధసాధకుడు. ఏకాక్షి, చతుర్నేత్రుడు. ఒంటికన్ను మాంత్రికుడొకడు, నాలుగుకళ్ల మాంత్రికుడొకడు, ఇద్దరికీ పడదు, మధ్యలో మన సమరసేనుడు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఏకాక్షి అంటే అర్థం చెప్పక్కర్లేదు, బొమ్మ చూస్తే తెలుస్తుంది. అక్షి అంటే కన్ను అని ఆ పిల్లవాడు అలా నేర్చుకున్నాడు. ద్వీపం, పాతాళం, సరోవరం, శిథిలం, భల్లూకం అన్న మాటలు మా తరంలో చాలామందికి వాచకాల్లో కాదు, ఈ సీరియళ్ల పేర్లలోనే మొదటిసారి తగిలాయి. బడి మానేసిన నాకైతే ఇంకెక్కడా తగిలేవి కావు.

ఇంకోటి, ఆయన వీరుడు తరచుగా ఒంటరిగా ఉండడు. పక్కన ఒక స్నేహితుడుంటాడు. శిఖిముఖికి విక్రమకేసరి, ఖడ్గవర్మకి జీవదత్తుడు, జయశీలుడికి సిద్ధసాధకుడు. ఒకడికి కత్తి, ఒకడికి యుక్తి. మా వీధిలో పిల్లలు ఈ ఆట ఆడేటప్పుడు రాజు వేషం కోసం కొట్టుకునేవాళ్లు కాదు, ఎందుకంటే ఇద్దరికీ పని ఉంది. అది చిన్న విషయంగా నాకు కనపడదు.

భాష సంగతి కూడా చెప్పాలి. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉన్న కథ అనగానే గ్రాంథికం జోలికి పోయి పిల్లల్ని భయపెట్టేవాళ్లను చూశాను. ఈయన వాక్యం పొట్టిది. మాటలు ఇంట్లో మాట్లాడుకున్నట్టు ఉంటాయి. కుటుంబరావు గారి చెయ్యి అందులో ఉంటుంది, కాదనను. చందమామకి వచ్చిన ప్రతి మాటా ఆయన చూసేవారని అందరూ చెప్తారు. అందుకే చాలామంది సీరియళ్లు కూడా ఆయనే రాశారనుకున్నారు. మా నాన్న కూడా చివరిదాకా అలాగే అనుకున్నాడు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. పేరు వేయకపోవడం సుబ్రహ్మణ్యం గారి ఒక్కరికే జరగలేదు. పత్రికలో "సంచాలకుడు: చక్రపాణి" అని ఉండేదే తప్ప కుటుంబరావు గారి పేరు కూడా ఉండేది కాదు. ఆ పత్రిక అంతా ఒక్క గొంతుతో మాట్లాడాలని వాళ్లు అనుకుని ఉంటారు. ఆ గొంతు వల్లే చందమామ చందమామ అయింది కాబట్టి ఆ పద్ధతిని నేను తప్పుపట్టను. కానీ కుటుంబరావు గారికి పెద్దల సాహిత్యంలో తన పేరుతో రాసిన నవలలున్నాయి, కథలున్నాయి, వ్యాసాలున్నాయి. చక్రపాణి గారికి సినిమాలున్నాయి. సుబ్రహ్మణ్యం గారి జీవితం దాదాపు అంతా ఆ పన్నెండు సీరియళ్లలోనే ఉంది. వాటి మీద పేరు లేకపోతే ఆయన ఎక్కడా లేనట్టే.

1978తో ఆ వరస ఆగింది. చిత్రా గారు పోయిందీ ఆ ఏడాదే. సుబ్రహ్మణ్యం గారు మాత్రం ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు అదే పత్రికలో కూర్చుని ఇతరులు పంపిన కథలు దిద్దుతూ ఉన్నారు. 1980లో కుటుంబరావు గారు పోయారు. 1998లో పత్రిక ఆగి, 1999లో మళ్లీ మొదలైంది. వీటన్నిటి మధ్యా ఆయన అక్కడే. మా కొట్టుకు కూడా 1980ల తర్వాత ఆ మూటలు రావడం తగ్గింది. పాతవి చినిగి మళ్లీ కుట్టుకి వచ్చేవి, అంతే.

ఆయన పోయాక అభిమానులు పూనుకుని సీరియళ్లను పుస్తకాలుగా తెచ్చారు. అట్ట మీద పేరు వచ్చింది. అందులో ఒకటి నా దగ్గరికి కుట్టు ఊడి వస్తే, ముందు కుట్టకుండా కాసేపు అట్టనే చూస్తూ ఉండిపోయాను.

2011లో ఒకమ్మాయి వచ్చింది, హైదరాబాదులో ఉద్యోగమట. తాతగారి పుస్తకం, అట్ట విడిపోయింది, మళ్లీ కుట్టాలి అంది. చూస్తే నాన్న కుట్టిన కంచుకోట. మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. పైన నాన్న రాత వెలిసిపోయినా అక్షరాలు తెలుస్తున్నాయి, కింద రెండంగుళాలు అలాగే ఉంది. ఆ అమ్మాయికి చెప్పి కొత్త గుడ్డ వేయకుండా పాత వెన్నునే వెనకనుంచి బలం పెట్టి నిలబెట్టాను. కింద దాసరి సుబ్రహ్మణ్యం అని రాశాను. నా రాత నాన్న రాత అంత బాగుండదు. "ఈయనెవరు?" అని అడిగింది ఆ అమ్మాయి. చెప్పాను. తాతయ్య ఎప్పుడూ కుటుంబరావు గారని చెప్పేవారే అంది.

అది జరిగి ఇన్నేళ్లయింది. ఇప్పటికీ ఫోన్లలో ఆ బొమ్మలు తిరుగుతుంటాయి. చిత్రా బొమ్మ, కింద సీరియల్ పేరు, ఆ కింద పాత రోజులు గుర్తొచ్చాయని రెండు మాటలు. రాసినవాడి పేరు ఉండదు. పత్రిక కూడా ఆగిపోయి ఇన్నేళ్లయింది కాబట్టి ఇకముందు చందమామ గురించి పిల్లలకు తెలిసేది మీలాంటి వారి వ్యాసాల వల్లే. మీ పేజీ రేపు ఎవరో కత్తిరించి దాచుకుంటారు. దాంట్లో లేని పేరు వాళ్లకూ ఉండదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, మన్నించండి.

నేను కోరేవి రెండే. ఒకటి, వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అదే పేజీలో, ఆ సీరియళ్లను రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని ఒక్క వాక్యం వేయండి. ఎక్కడో మూల సవరణగా కాదు, చదివేవాళ్లకి కనపడేలా. వీలైతే పన్నెండు పేర్లూ ఇవ్వండి. పైన వరసగా రాశాను.

రెండోది గ్రంథాలయాల వారికి. మా జిల్లా శాఖా గ్రంథాలయాల్లో ఇలా కుట్టించిన చందమామ సీరియళ్లు కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. కొన్ని నేనే కుట్టాను కాబట్టి తెలుసు. వాటి రిజిస్టర్లలో రచయిత అన్న గడిలో అడ్డగీత ఉంటుంది, లేకపోతే చందమామ అని ఉంటుంది. దయచేసి ఆ గీత కొట్టేసి పేరు రాయండి. తెనాలి గురించి మాట్లాడినప్పుడల్లా చక్రపాణి గారిది మా ఊరు, కుటుంబరావు గారిది మా ఊరు అని చెప్పుకుంటాం. పెదగాదెలవర్రు కూడా ఆ మాటల్లోకి రావాలి.

ఎవరి దగ్గరైనా, గ్రంథాలయమైనా ఇల్లయినా, పాత చందమామ సీరియల్ కుట్టి ఉండి వెన్ను మీద కింది వరస ఖాళీగా ఉంటే నా దగ్గరికి తీసుకురండి. చూపు కాస్త తగ్గింది కానీ కుంచె ఇంకా పట్టగలను. పేరు రాసినందుకు డబ్బులు తీసుకోను. కుట్టు ఊడి ఉంటే దారం ఖర్చు మాత్రం మీది. మధ్యాహ్నం పన్నెండు లోపు వస్తే వెలుతురు బాగుంటుంది. రంగు ఆరడానికి గంట పడుతుంది, అందాకా కూర్చుని చదువుకోవచ్చు.

ఇట్లు,
ఒక పుస్తకాల బైండరు,
గంగానమ్మపేట, తెనాలి.